కాస్టిక్, యాసిడ్, క్లోరిన్ బండ్లకి ట్రైనింగ్ సర్టిఫికెట్: ఏపీ లైసెన్సుకి రాయగడలో ఎంట్రీ ఎలా?

గుణుపురం_బండి

అందరికీ నమస్కారం. హెవీ లైసెన్సు పార్వతీపురంలో తీసుకున్నది, ఇప్పుడు ఆధార్ అడ్రసు గుణుపురం. విశాఖ నుంచి దమన్‌జోడి వైపు కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) ట్యాంకర్ నడిపే పని ఉంది. లైసెన్సులో హజార్డస్ (ప్రమాదకర సరుకు) ఎంట్రీ లేనిదే ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరట. కోర్సు ఒక రోజా, మూడు రోజులా? ఒక్క రోజులో కాగితం చేతిలో పెడతానని ఒక ఏజెంటు అంటున్నాడు. ఎంట్రీ పార్వతీపురంలో వేయించాలా, రాయగడలోనా? నెట్‌లో 40 గంటల అమెరికా హజ్‌మట్ సర్టిఫికెట్ అని అమ్ముతున్నారు, అది ఇక్కడ పనికొస్తుందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

నాగావళి_సేఫ్టీ

ముందు ఆ ఏజెంటుని వదిలెయ్యండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వ రూలు చదివితే మీ సందేహాల్లో సగం తీరిపోతాయి. కొత్తగా ఎంట్రీ వేయించుకునేవాళ్ళకి కోర్సు 3 రోజులు. అదీ రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలోనే చెయ్యాలి. ఒక రోజు కోర్సనేది ఇప్పటికే ఎంట్రీ ఉన్నవాళ్ళు రెన్యువల్‌కి వెళ్ళేటప్పుడు చేసే రిఫ్రెషర్. ఆ రెండూ కలిపేసి కొత్తవాళ్ళకి అమ్ముతున్నారు.

సిలబస్ కూడా రూల్లోనే ఉంది. మొదటి రెండు రోజులు డ్రైవింగ్: ప్రమాదాలు ఎందుకు జరుగుతాయి, బ్రేకు నొక్కాక బండి ఎంత దూరంలో ఆగుతుంది, డ్రైవరు ఆరోగ్యం, బండి కండిషన్, ముందుచూపుతో నడపడం. అసలు సరుకు మూడో రోజు. యూఎన్ నంబర్లు (ప్రమాదకర సరుకుల్ని గుర్తించే అంతర్జాతీయ అంకెలు), వర్గీకరణ, హజ్‌కెమ్ కోడు (ప్రమాదమైతే ఏం చెయ్యాలో ఫైర్‌వాళ్ళకి చెప్పే గుర్తు), విషతత్వం, మండే గుణం, ట్రెమ్ కార్డు (సరుకు ప్రమాదం, జాగ్రత్తలు రాసి బండిలో ఉంచే కార్డు), వాల్వులు, కారితే ఆపడం, మంట ఆర్పడం, ఫస్ట్ ఎయిడ్, బావులూ నదులూ చెరువుల్లోకి రసాయనం దిగకుండా చూడడం, అన్నీ ఆ రోజే. సంస్థకి వెళ్ళినప్పుడు ఒకటే అడగండి: మూడో రోజు సూటు, గ్లౌజులు, మాస్కు చేతికిచ్చి తొడిగిస్తారా, లేక స్లయిడ్లు చూపించి పంపేస్తారా? మాస్కు తొడుక్కోవడం చేతికి రాని సర్టిఫికెట్ ఆర్టీవో కౌంటరు దగ్గర తప్ప ఎక్కడా ఉపయోగపడదు.

గడువు గురించి కూడా చాలామంది పాత మాటే చెబుతారు. ఒకప్పుడు హజార్డస్ ఎంట్రీ ఏడాదికే ఉండేది. 2019 సవరణ తర్వాత 3 ఏళ్ళు. మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకి 5 ఏళ్ళు. రెండింటికీ తేదీలు వేరు కాబట్టి లైసెన్సు బతికే ఉండి, హజార్డస్ ఎంట్రీ మాత్రం అయిపోయే సందర్భం వస్తుంది. గేటు దగ్గర ఎక్కువమంది పట్టుబడేది అక్కడే.

బిల్టీ_బాబాయ్ (రాయగడ)

ఎంట్రీ ఎక్కడ వేయించాలో నేను చెప్తాను బాబూ. మీరు ఏ లైసెన్సింగ్ అధికారి పరిధిలో కాపురం ఉంటే అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలని అదే 9వ రూల్లో ఉంది. గుణుపురం కాబట్టి రాయగడ. లైసెన్సు ఇచ్చింది వేరే ఆఫీసు అయితే, ఎంట్రీ వేసిన ఆఫీసు ఆ సంగతి అసలు ఆఫీసుకి తెలియజేయాలి. ఆ పని వాళ్ళది. పార్వతీపురం తిరగాల్సిన పని మీకు లేదు. రూలు ప్రకారం తెల్లకాగితం మీద దరఖాస్తు, లైసెన్సు, కోర్సు సర్టిఫికెట్ చాలు. ఇప్పుడు సారథి పోర్టల్లో హజార్డస్ ఎండార్స్‌మెంట్‌కి విడిగా సర్వీసు ఉంది, దాంట్లో నింపుకుని వెళ్ళండి.

మనవాళ్ళకి పని ఆగేది రూలు దగ్గర కాదు, పేరు దగ్గర. మన లైసెన్సుల్లో ఇంటిపేరు ముందు ఉంటుంది, కొన్నిట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ట్రైనింగ్ సెంటర్లో ఒడిశా పద్ధతిలో ఇంటిపేరు చివర్న పెట్టి టైపు చేస్తారు. మూడు కాగితాల మీద ముగ్గురు మనుషుల్లా కనిపిస్తే గుమాస్తా వెనక్కి పంపుతాడు, తప్పు పట్టలేం. కోర్సులో పేరు రాయించుకునే రోజే లైసెన్సు ముందు పెట్టి, అందులో ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం రాయించుకోండి. లైసెన్సులో పాత అడ్రసే ఉంటే ముందు అడ్రసు మార్పు పెట్టండి.

ఎంట్రీ పడిందో లేదో కార్డు చూసి నమ్మకండి. పరివాహన్‌లో లైసెన్సు వివరాలు తెరిస్తే హజార్డస్ వాలిడ్ టిల్ అని ఒక గడి కనిపిస్తుంది. అందులో తేదీ ఉండాలి. ఎన్‌ఏ అని ఉంటే పడనట్టే. ఫ్యాక్టరీ గేటువాళ్ళు చూసేది కూడా అదే.

వంశధార_ఎర్రబండి

మా తమ్ముడు ఎనిమిది పాస్ అవ్వలేదు. ఆ నిబంధన తీసేశారని విన్నాం. హజార్డస్‌కి కూడా తీసేసినట్టేనా?

నాగావళి_సేఫ్టీ

కాదండి, రెండూ వేరు. ట్రాన్స్‌పోర్టు బండి నడపడానికి ఎనిమిదో తరగతి అన్నది 8వ రూలు, 2019లో తీసేశారు. 9వ రూలు అలాగే ఉంది: రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏదో ఒక భారతీయ భాషా, దాంతోపాటు ఇంగ్లిషూ చదవడం రాయడం రావాలి. తెలుగు సరిపోతుంది, ఒడియా రాకపోయినా అడ్డం కాదు. ఇంగ్లిషు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. వాల్వు మీదా డ్రమ్ము మీదా గేటు పాసు మీదా ఇంగ్లిషే ఉంటుంది. కరోజివ్, ఫ్లేమబుల్, టాక్సిక్, ఆక్సిడైజర్, ఈ నాలుగు మాటలూ చూడగానే గుర్తుపట్టేలా తమ్ముడికి నేర్పించండి.

జైపూర్_ట్యాంకర్

సర్టిఫికెట్ సంగతి పెద్దలు చెప్పారు. మీరు మొయ్యబోయే సరుకు సంగతి చెప్తాను, ఎందుకంటే మూడు రోజుల కోర్సులో కాస్టిక్‌కి దక్కేది మహా అయితే అరగంట.

కాస్టిక్ లై యూఎన్ నంబరు 1824, క్లాసు 8 (అంటే ఒంటినీ లోహాన్నీ తినేసే సరుకు), హజ్‌కెమ్ 2ఆర్. 50 శాతం లై లీటరు బరువు కిలోన్నర పైమాటే. 20 టన్నులు ఎక్కిస్తే దాదాపు 13 వేల లీటర్లే అవుతుంది. పెద్ద ట్యాంకులో పోస్తే పైన బోలెడు ఖాళీ మిగిలిపోతుంది. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇంకా బరువు, లీటరుకి 1.84 కిలోలు, 20 టన్నులు 11 వేల లీటర్లకి లోపే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఈ ఖాళీయే ప్రాణం మీదికి తెస్తుంది. మలుపులో లోపలి సరుకంతా ఒక పక్కకి పోతుంది, బ్రేకు నొక్కితే ముందుకి దూకుతుంది. లోపల అడ్డు పలకలున్న ట్యాంకరా కాదా అని ఎక్కేముందే అడగండి. లేకపోతే మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులోకి దిగాక బ్రేకు పట్టకూడదు.

రెండోది చలి. 50 శాతం లై సుమారు 12 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది. విశాఖలో ఆ బాధ లేదు. పుష్యమాసంలో సిమిలిగుడ, దమన్‌జోడి పీఠభూమి మీద రాత్రి అంతకన్నా చల్లబడుతుంది. రాత్రంతా బండి బయట నిలిపితే ముందు బిగిసేది బాటమ్ వాల్వు, దాని కింది పైపు ముక్క. అప్పుడు మనుషులు చేసే రెండు తప్పులు: టార్చి మంట పెట్టడం, గాలి ప్రెషరు పెంచి తోయడం. మంటకి గ్యాస్కెట్ పోతుంది. ప్రెషరు పెడితే గడ్డ ఒక్కసారిగా ఊడి, వెనకున్న సరుకంతా ఎదురుగా ఉన్న మనిషి ముఖం మీదికి కొడుతుంది. బయటి నుంచి వేడినీళ్ళు పొయ్యడం, లేదా ప్లాంటువాళ్ళ స్టీము జాకెట్‌కి ఇవ్వడం, కరిగేదాకా ఆగడం. ఇంకో దారి లేదు.

దింపేటప్పుడు వరస ఇది. చక్రాలకి చెక్కలు పెట్టాలి, ఇంజను ఆపాలి. సేఫ్టీ షవర్ దగ్గరికి నడిచి వెళ్ళి తిప్పి చూడాలి. నీళ్ళు రాకపోతే హోస్ కలపొద్దు, ఎవరు తొందర పెట్టినా సరే. పీవీసీ సూటు, గమ్‌బూట్లు, కళ్ళకి అతుక్కునే గాగుల్స్, వాటి మీద ఫేస్ షీల్డు. ప్యాంటు బూటు బయటే ఉండాలి, లోపలికి దోపితే కారిన లై బూటులోకి దిగి పాదం తినేస్తుంది. హోస్ కప్లింగ్ చెవులు రెండూ పడ్డాక పిన్ను పెట్టి వైరుతో కట్టాలి. పంపు పెట్టకముందే పైన వెంటు (గాలి దారి) తెరవాలి. వెంటు మూసి లాగితే ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది. అయిపోయాక హోస్‌లో మిగిలింది బకెట్లోకి వంపుతారు కదా, ఆ బకెట్ అల్యూమినియంది కాకూడదు. కాస్టిక్ అల్యూమినియాన్ని తింటుంది, హైడ్రోజన్ వస్తుంది, అది మండుతుంది.

ఒంటి మీద పడితే నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. బట్టలు తీసేస్తూనే కడగాలి. కంట్లో పడితే రెప్ప విప్పి పట్టుకుని కడగాలి. చాలా కార్డుల్లో 15 నిమిషాలని ఉంటుంది గాని కాస్టిక్‌కి 30 నిమిషాలైనా ఎక్కువ కాదు. కాస్టిక్ పడిన వెంటనే నొప్పి పెట్టదు, అందుకే జనం తుడుచుకుని ఊరుకుంటారు. యాసిడ్ పోసి విరిచేద్దామని ఎవరైనా అంటే దగ్గరికి రానివ్వకండి, ఆ వేడికి ఇంకా కాలుతుంది.

వంశధార_ఎర్రబండి

యాసిడ్ దింపిన ట్యాంకరులో తిరుగు ప్రయాణంలో కాస్టిక్ పోస్తామంటారు కొందరు. కడిగేస్తే చాలా?

జైపూర్_ట్యాంకర్

కడిగినట్టు కాగితం ఉండాలి, అడుగున గుంట ఉన్నచోట ఏమీ మిగల్లేదని ఎవరో చూసి సంతకం పెట్టాలి. మిగిలిన యాసిడ్ మీద కాస్టిక్ పడితే మరిగి మూతలోంచి చిమ్ముతుంది. ఇంకో సంగతి, చిక్కటి సల్ఫ్యూరిక్‌ని మైల్డ్ స్టీలు తట్టుకుంటుంది, పలచబడ్డదాన్ని తట్టుకోదు. సగం సగం కడిగి నీళ్ళు నిలవుంచితే ట్యాంకు లోపలి నుంచి తినేస్తూ హైడ్రోజన్ పుట్టిస్తుంది. మూత తీసి బీడీ వెలిగించి లోపలికి చూసేవాళ్ళున్నారు, దండం పెట్టి చెప్తున్నా, వద్దు.

నాగావళి_సేఫ్టీ

పైన జైపూర్ అన్నగారు చెప్పినదంతా మీకు ఎవరు చెప్పాలో కూడా చట్టంలో ఉంది, ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. 135వ రూలు: డ్రైవరుకి తాను మోస్తున్న సరుకు స్వభావం, దాని ప్రమాదం, బండి నడుస్తున్నప్పుడూ నిలిపినప్పుడూ తీసుకోవాల్సిన జాగ్రత్త, అత్యవసరంలో చెయ్యాల్సిన పని, ఇవన్నీ అర్థమయ్యేంత శిక్షణ అందిందని బండి ఓనరు చూడాలి. సరుకు పంపేవాడికి తృప్తి కలిగేలా చూడాలి. అంటే మూడు రోజుల సర్టిఫికెట్‌తో ఓనరు బాధ్యత తీరదు. సరుకు మారిన ప్రతిసారీ మళ్ళీ చెప్పాలి. 131 ప్రకారం పంపేవాడు సరుకు గురించి పూర్తి సమాచారం ఇవ్వాలి. 133 ప్రకారం ఆ రాతపూర్వక సమాచారం, అంటే ట్రెమ్ కార్డు, క్యాబిన్‌లో ఎప్పుడూ మీ దగ్గరుండాలి.

కార్డు మీరు చదవగలిగే భాషలో ఇమ్మని అడగండి. తెలుగులో ఒకటి, బండికి సాయం వచ్చే ఒడిశా ఫైర్‌వాళ్ళకి ఇంగ్లిషులోనో ఒడియాలోనో ఒకటి. పంపేవాడి దగ్గర తెలుగు కార్డు లేకపోతే లోడింగ్ దగ్గరే కూర్చుని చదివించుకుని, మీ చేత్తో తెలుగులో రాసుకుని దానికి పిన్ను చెయ్యండి.

బండి మీద ప్యానెల్ (సరుకు వివరాల పలక) కూడా చూసుకోండి. 134వ రూలు ప్రకారం రెండు పక్కలా, వెనకా ఉండాలి. సరుకు అసలు పేరు 50 మిల్లీమీటర్లకి తగ్గని అక్షరాల్లో, యూఎన్ అంకె 100 మిల్లీమీటర్లకి తగ్గకుండా, క్లాసు లేబులు 250 మిల్లీమీటర్ల చతురస్రం, ఎమర్జెన్సీ నంబరు, పంపినవాడి పేరూ ఫోనూ. సరుకు కాస్టిక్ అయి ప్యానెల్ మీద 1830 అని పాత యాసిడ్ నంబరు ఉంటే, ఫైర్‌వాళ్ళు యాసిడ్‌ని విరిచే సున్నమో సోడానో తెచ్చి పోస్తారు, ఏమీ ఉపయోగం ఉండదు. ఖాళీ ట్యాంకరైనా కడగనంతవరకూ ప్యానెల్ తియ్యకూడదు.

బిల్టీ_బాబాయ్ (రాయగడ)

2ఆర్ అంటే నీళ్ళు కొట్టి పలచన చేసి కడిగెయ్యమని కదా అర్థం? మరి నాగావళి ఒడ్డున కారితే అలాగే చెయ్యాలా?

నాగావళి_సేఫ్టీ

మంచి ప్రశ్న అడిగారు. 2 అంటే సన్నటి జల్లు. ఆర్ అంటే ద్రవం దూరని సూటు వేసుకోవాలి, పలచన చేసి కడగవచ్చు. కోడు ఆ మొదటి నిమిషాల్లో ఫైర్‌వాళ్ళకి దారి చూపడానికే, చుట్టూ ఏముందో దానికి తెలియదు. రాయగడ దగ్గర నాగావళిలో పడింది కిందికి పార్వతీపురం మన్యంలోకి, తోటపల్లి బ్యారేజీకి పోతుంది. వాగు పక్కన అయితే ముందు మట్టితోనో ఇసుకతోనో కట్ట వెయ్యాలి, కాలువ మూతలు మూసెయ్యాలి, దిగువ ఊళ్ళకి కబురు పెట్టాలి. కట్టలో నిలిచినది పంపుతో ఇంకో ట్యాంకులోకి తోడాలి. మిగిలిన తడిని మాత్రమే కడగాలి. రంపపు పొట్టు చల్లొద్దు, పొడి మట్టి, ఇసుక వాడండి.

జైపూర్_ట్యాంకర్

ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. మనిషి ఒంటి మీద పడ్డప్పుడు నది గురించి ఆలోచించి నీళ్ళు ఆపకూడదు.

నాగావళి_సేఫ్టీ

నిజమే. మనిషి ముందు.

పల్ప్_షిఫ్ట్‌బీ

డ్రైవర్ల సంగతి సరే. ఫ్యాక్టరీ లోపల క్లోరిన్ టన్నర్లు (పెద్ద సిలిండర్లు) మార్చే కాంట్రాక్టు మనుషులకి ఏ సర్టిఫికెట్ ఉండాలి? పెసో కార్డు అంటున్నాడు మేస్త్రీ.

నాగావళి_సేఫ్టీ

పెసో అంటే కేంద్ర ప్రభుత్వపు పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. సిలిండర్లు, ప్రెషర్ వెసల్స్, పెట్రోలియం, పేలుడు పదార్థాల లైసెన్సులు దాని పని. పేల్చే పని చేసేవాడికి షాట్‌ఫైరర్ పర్మిట్ ఇచ్చేదీ అదే. టన్నరు మార్చే కూలీకి పెసో కార్డు ఉండదు, ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

లోపల పనికి బాధ్యత యజమానిది. భోపాల్ తర్వాత 1987 సవరణతో ఫ్యాక్టరీల చట్టంలో 41సి వచ్చింది. ప్రమాదకర పదార్థాలు పట్టుకునే పనిని పర్యవేక్షించడానికి అర్హత, అనుభవం ఉన్నవాళ్ళని పెట్టాలి. పనిలో చేరేముందు వైద్య పరీక్ష, చేరాక 12 నెలలు దాటకుండా మళ్ళీ మళ్ళీ. ఆ చట్టం 2020 నాటి భద్రతా కోడ్‌లో కలిసినా ఈ బాధ్యత పోలేదు. కాంట్రాక్టు మనిషైనా ఆ రికార్డు చూపించమనే హక్కు మీకుంది. మాక్ డ్రిల్‌కి పర్మనెంటు వాళ్ళనే పిలిచి షిఫ్టు బీ కాంట్రాక్టు వాళ్ళని వదిలేస్తే డ్రిల్ జరగనట్టే, ఎందుకంటే టన్నరు దగ్గర ఉండేది వాళ్ళే.

పని మాట. టన్నరులో 900 కిలోలుంటుంది. రెండు వాల్వులూ ఒకదాని కింద ఒకటి నిలువుగా వచ్చేలా పెట్టాలి, పైది గ్యాసు, కిందది ద్రవం. లెడ్ వాషరు ప్రతిసారీ కొత్తది. పాతది మళ్ళీ బిగించడమే సగం లీకులకి కారణం. స్పానరు 8 అంగుళాలకి మించొద్దు, దానికి పైపు తొడిగి బలం పెట్టొద్దు. ఒక చుట్టు తెరిస్తే చాలు. లీకు వెతకడానికి కర్రకి దూది చుట్టి అమ్మోనియా ద్రావణంలో ముంచి ఆవిరి తగిలేలా చూపిస్తే తెల్ల పొగ వస్తుంది. ద్రావణం వాల్వు మీద చిమ్మొద్దు. లీకు మీద నీళ్ళు అసలే పొయ్యొద్దు, తడి క్లోరిన్ ఇనుమును తిని రంధ్రం పెద్దది చేస్తుంది.

లీకైతే టన్నరుని దొర్లించి లీకున్నవైపు పైకి తేవాలి. ద్రవంగా కారితే ఒక వంతు దాదాపు 460 వంతుల గ్యాసు అవుతుంది, పైకి తెస్తే గ్యాసే వస్తుంది, వేగం తగ్గుతుంది. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, పల్లంలో నిలుస్తుంది. గాలికి ఎదురుగా, ఎత్తుకి పరుగెత్తాలి. టన్నరుకి లీకు ఆపే కిట్ బి కావాలి, చిన్న సిలిండర్ల కిట్ ఎ దీనికి సరిపోదు. 10 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో పది వంతులు) ప్రాణాపాయపు హద్దు. అందుకని లీకు ఆపడానికి వెళ్ళేవాళ్ళు గాలిని వడకట్టే డబ్బా మాస్కుతో కాదు, వీపున సిలిండరున్న శ్వాస పరికరంతో, ఇద్దరుగా వెళ్ళాలి. గడ్డం ఉంటే మాస్కు అతకదు. ఆ పని ఉన్నవాళ్ళు గడ్డం తీసెయ్యాలి.

పల్ప్_షిఫ్ట్‌బీ

కాస్టిక్ గుంటలోకి టన్నరు తోసేస్తే అయిపోతుందని చెప్పారు మాకు.

నాగావళి_సేఫ్టీ

తొయ్యొద్దు. గ్యాసుని పైపుతో కాస్టిక్‌లోకి పంపాలి. కిలో క్లోరిన్‌కి 1.13 కిలోల కాస్టిక్ లెక్క. పూర్తి టన్నరుకి వెయ్యి కిలోలు దాటుతుంది, 20 శాతం ద్రావణంగా అయితే 5 టన్నులకి పైనే, దాని మీద మళ్ళీ మిగులు పెట్టుకోవాలి. మీ గుంటలో అంత ఉందో లేదో షిఫ్టు మొదట్లోనే చూసుకోండి. ద్రావణం ఎప్పటిదో కూడా అడగండి, నిలవున్నది గాలి పీల్చుకుని బలం తగ్గుతుంది.

గుణుపురం_బండి

చాలా థ్యాంక్స్ అండీ. 40 గంటల అమెరికా సర్టిఫికెట్ సంగతి మిగిలింది.

విజయనగరం_డీజీ

అది హాజ్‌వోపర్. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లోది, వ్యర్థాల స్థలాలు శుభ్రం చేసేవాళ్ళకి, ఎమర్జెన్సీకి వెళ్ళేవాళ్ళకి. అక్కడ కూడా 40 గంటల క్లాసు ఒక్కటే చాలదు, సూపర్‌వైజరు కింద 3 రోజులు స్థలంలో పని చెయ్యాలి, ఏటా 8 గంటల రిఫ్రెషర్ ఉంటుంది. అమెరికా రవాణా నిబంధనల శిక్షణ ఇంకోటి, పనిలో చేరిన 90 రోజుల్లోపు, తర్వాత 3 ఏళ్ళకోసారి. విమానాల్లో పంపే సరుకుకి అయాటా (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) డీజీఆర్ శిక్షణ, 24 నెలల గడువు. మూడూ మూడు వేరే పనులకి. ఏదీ రాయగడ ఆర్టీవో దగ్గర చెల్లదు. గల్ఫ్‌లో ఏదైనా ఉద్యోగానికి అడిగితే, ఆ కంపెనీ ఏది అడిగిందో రాతలో తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.

వంశధార_ఎర్రబండి

చివరగా ఒకటి. ఘాట్లో బండి ఆగిపోతే క్లీనరుని బండి దగ్గర ఉంచి డ్రైవరు సాయానికి వెళ్ళొచ్చా?

బిల్టీ_బాబాయ్ (రాయగడ)

క్లీనరు 18 దాటినవాడై, సరుకు గురించి తెలిసినవాడైతే వెళ్ళొచ్చు. 133వ రూలు ప్రకారం నిలిపిన బండి డ్రైవరు అదుపులోనో, 18 దాటిన సమర్థుడి అదుపులోనో ఉండాలి. పిల్లల్ని క్లీనర్లుగా పెట్టేవాళ్ళు ఇది చదవాలి. ప్రమాదమైతే 136 ప్రకారం దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషనుకి వెంటనే చెప్పాలి, ఓనరుకీ చెప్పాలి. దగ్గర్లో ఉన్నదంటే ఏ రాష్ట్రమైనా సరే, సుంకి దిగువన అయితే సాలూరు, పైన అయితే పొట్టంగి వైపు. 112 రెండు రాష్ట్రాల్లోనూ పలుకుతుంది గాని ఘాట్లో సిగ్నలు దొరక్కపోవచ్చు. రెండు స్టేషన్ల నంబర్లూ, మీరు ఎక్కడున్నారో చెప్పడానికి కిలోమీటరు రాయి అంకె రాసుకోవడానికి ఒక ఖాళీ గీతా ట్రెమ్ కార్డు వెనకే పెట్టుకోండి. దారినపోయే ఇంకో బండి డ్రైవరు చేతికి ఆ చీటీ ఇచ్చి పంపితే చాలు.